బీడీఎస్ సీటును మిగులు సీటుగా పంచకండి

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ అధికారులకు, దంత వైద్య విద్యకు నిబంధనలు రూపొందించే నియంత్రణ సంస్థ సభ్యులకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల ప్రవేశాల కమిటీలకు నమస్కారాలతో రాస్తున్న లేఖ.

నేను ఇరవై రెండేళ్లుగా బీడీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థులకు దంత నిర్మాణ శాస్త్రం బోధిస్తున్నాను. నీట్ ర్యాంకు, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, ఫీజు రసీదులు అన్నీ దాటుకుని కాలేజీలో అడుగుపెట్టిన పిల్లల చేతికి మా ల్యాబులో మొదట అందేది ఒక మైనపు దిమ్మె, దాన్ని చెక్కడానికి ఒక కార్వర్. పై దవడ ముందు పన్నుతో మొదలుపెడతాం. ఆ పంటి కిరీటం పొడవు సగటున 10.5 మిల్లీమీటర్లు, వేరు పొడవు 13 మిల్లీమీటర్లు. కొరికే అంచున ముఖం మధ్యగీత వైపు మూల కొంచెం పదునుగా, అవతలి మూల కొంచెం గుండ్రంగా ఉంటుంది. ఈ తేడాను పుస్తకంలో చదివినవారికీ, మైనంలో తెచ్చినవారికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మొదటి వారంలోనే తెలిసిపోతుంది. గీత ఒక్క మిల్లీమీటరు లోపలికి పోతే ఆ దిమ్మె పక్కన పెట్టి కొత్తది తీసుకోవలసిందే, ఎందుకంటే మైనం చెక్కగలం గానీ తిరిగి అతికించలేం. పంటి విషయమూ అంతే.

ఈ లేఖలో నేను కోరుతున్నది ఒక్కటే. ఎంబీబీఎస్ పంపకం అయ్యాక మిగిలినవారికి మిగిలిన సీటు ఇచ్చే పద్ధతిలో దంత వైద్య ప్రవేశాలు నడపడం మానండి. ప్రవేశానికి కావలసిన అర్హతలను, తేదీలను, కటాఫ్‌ను ముందే ప్రకటించి వాటి మీద నిలబడండి. పిల్లలు ఈ వృత్తిని చూసి, తెలుసుకుని ఎంచుకునే వీలు కల్పించండి.

ఇద్దరు విద్యార్థుల గురించి చెబుతాను. పేర్లు చెప్పను, ఏ సంవత్సరమో చెప్పను. మొదటి విడతలో మంచి ర్యాంకుతో చేరిన ఒక అబ్బాయి ల్యాబులో తల ఎత్తేవాడు కాదు. ఎంబీబీఎస్ కొద్ది మార్కుల్లో పోయిందని, ఇంట్లోవాళ్లు ఏడాది వృథా కాకూడదని ఇందులో చేర్పించారని ఒకరోజు చెప్పాడు. సంవత్సరం తిరగక ముందే కోర్సు మానేసి మళ్లీ లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లిపోయాడు. అప్పటికి ప్రవేశాల గడువు ముగిసింది కాబట్టి అతను ఖాళీ చేసిన సీటును ఎవరికీ ఇవ్వలేకపోయాం. ఆ బ్యాచ్ చదువు పూర్తయ్యే వరకు ఆ సీటు అలాగే ఖాళీగా ఉండిపోయింది.

రెండో విద్యార్థిని కటాఫ్ తగ్గించిన తరువాత ఆఖరి విడతలో వచ్చింది. ఆమె వచ్చేసరికి మిగతావాళ్లు ముందు పళ్లు, కోరపళ్లు పూర్తి చేసి చిన్న దవడ పళ్ల దగ్గర ఉన్నారు. అనాటమీలో పుర్రె ఎముకలు, ముఖ కండరాలు అయిపోయాయి. ఆ అమ్మాయి ఇంట్లో అమ్మకు మగ్గం పనిలో సాయం చేస్తూ పెరిగింది. మొదటి రోజు కార్వర్ పట్టుకున్న తీరు చూస్తేనే నాకు అర్థమైంది. చిటికెన వేలు దిమ్మెకు ఆనించి, మణికట్టు కదలకుండా, వేళ్లతో మాత్రమే మైనాన్ని పొరలు పొరలుగా తీసింది. ఆ ఏడాది మా ల్యాబులో ఉత్తమమైన ముందు పన్ను ఆమెదే. కానీ పోయిన తరగతులను చేతి నైపుణ్యం తెచ్చిపెట్టదు కదా. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పేపరులో తప్పింది. సప్లిమెంటరీ రాసి గట్టెక్కే నాటికి ఆమెలో మొదటి రోజు నేను చూసిన ధీమా సగం కరిగిపోయింది.

ఈ ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. అబ్బాయికి తాను కోరుకోని సీటు వచ్చింది. అమ్మాయికి తగిన సీటు వచ్చింది గానీ ఆలస్యంగా వచ్చింది. రెండింటికీ మూలం మీరు నడిపే ప్రవేశ విధానమే.

ప్రస్తుత నిబంధనలు ఏం అడుగుతున్నాయో ఒకసారి చూద్దాం. అభ్యర్థి ఇంటర్ బైపీసీ గానీ తత్సమానమైన పరీక్ష గానీ పాసై ఉండాలి. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు మూడింటిలో కలిపి జనరల్ వర్గం వారికి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాల వారికి 40 శాతం, జనరల్ వర్గంలోని దివ్యాంగులకు 45 శాతం మార్కులు రావాలి. ఇంగ్లిషులో ఉత్తీర్ణత తప్పనిసరి. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. మన దగ్గర బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ అటూ ఇటూ రాయించడం వల్ల, రెండు తరగతులు ఒక్క ఏడాదిలో దాటించడం వల్ల ఈ వయసు నిబంధన దగ్గర చిక్కుకునేవారు ఇప్పటికీ కనిపిస్తుంటారు. ఇవన్నీ ఉన్నా అసలు తలుపు నీట్. 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 90 ప్రశ్నలు జీవశాస్త్రం. సబ్జెక్టుల వారీగా కనీస మార్కులు లేవు, మొత్తం మీద వచ్చిన పర్సంటైల్ ఒక్కటే లెక్క.

ఈ పర్సంటైల్ అనే మాట ఎన్ని ఇళ్లలో గందరగోళం రేపుతుందో ఫలితాలు వచ్చిన వారంలో నాకు వచ్చే ఫోన్లు చెబుతాయి. "మా వాడికి యాభై శాతం మార్కులు రాలేదండీ, ఇక బీడీఎస్ ఆశ వదులుకోవాలా?" అని తండ్రులు అడుగుతారు. పర్సంటైల్ మార్కుల శాతం కాదని, పరీక్ష రాసినవారిలో మన పిల్లవాడు ఎంతమందికి పైన నిలిచాడన్న లెక్కని ఓపిగ్గా వివరిస్తాను. జనరల్ వర్గానికి నిర్ణయించిన 50వ పర్సంటైల్ గీత 2022లో 720కి 117 మార్కుల దగ్గర, 2024లో 162 దగ్గర, 2025లో 144 దగ్గర పడింది. 117 అంటే 16 శాతం చిల్లర. గీత పేరు మారదు, దాని కింద నేల మాత్రం ఏటా కదులుతూ ఉంటుంది. నోటిఫికేషన్‌లో ఈ ఒక్క విషయాన్ని తెలుగులో, ఉదాహరణతో, నాలుగు వాక్యాల్లో రాస్తే ఎన్నో కుటుంబాలు అనవసరంగా నిద్ర పాడుచేసుకోకుండా ఉంటాయి.

ఇక సీట్లు మిగిలినప్పుడు ఈ గీతను కిందికి జరపడం గురించి. అభ్యర్థులు చాలినంత మంది లేనప్పుడు కేంద్ర ప్రభుత్వం నియంత్రణ మండలిని సంప్రదించి కనీస మార్కులను తగ్గించవచ్చని నిబంధనలే చెబుతున్నాయి. 2019-20లో అలా 10 పర్సంటైల్ తగ్గించారు. 2020-21లో కేంద్రం అందుకు ఒప్పుకోలేదు. దేశంలో దంత వైద్యులు తగినంత మంది ఉన్నారని, అర్హులైన అభ్యర్థులకూ కొరత లేదని వాదించింది. సుమారు 7,000 సీట్లు ఖాళీగా ఉన్న పరిస్థితిలో 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు 10 పర్సంటైల్ తగ్గించి ప్రవేశాలు జరపాలని ఆదేశించింది. విద్యార్థులు చేరేలా ఫీజులు తగ్గించే విషయం ఆలోచించాలని ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలకు అదే తీర్పులో సూచించింది.

ఆ తీర్పును తప్పుపట్టడానికి నేను ఈ మాట ఎత్తలేదు. కోవిడ్ వల్ల నీట్ పరీక్షే సెప్టెంబరులో జరిగిన సంవత్సరం అది. నేను అడుగుతున్నది ఆ తరువాత మీరు నేర్చుకోవలసిన పాఠం గురించి. ఆ ఏడాది నీట్‌లో 7.7 లక్షల మందికి పైగా అర్హత సాధించారు. 2025లో 22 లక్షల మందికి పైగా రాస్తే 12 లక్షల మందికి పైగా అర్హులయ్యారు. దేశం మొత్తం మీద బీడీఎస్ సీట్లు ముప్పై వేలకు లోపే. అర్హులు లక్షల్లో ఉండగా వేల సీట్లు ఖాళీగా ఉంటున్నాయంటే లోటు అర్హత దగ్గర లేదు, రావాలన్న కోరిక దగ్గర ఉంది. ఆ కోరిక ఎందుకు లేదో, ఫీజులు ఎందుకు భారమవుతున్నాయో, చదువు ముగించినవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎన్ని పోస్టులు వేస్తున్నారో పట్టించుకోకుండా గీతను పది మెట్లు దించితే లోపలికి వచ్చేది ఇంకొంచెం కింది ర్యాంకు, ఇంకొంచెం ఆలస్యం మాత్రమే.

ఆలస్యం ఎంత ఖరీదైనదో బయట ఉన్నవారికి తెలియకపోవచ్చు. బీడీఎస్ నిబంధనల ప్రకారం ఏడాదికి కనీసం 240 బోధన దినాలు ఉండాలి. థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 75 శాతం హాజరు ఉంటే తప్ప పరీక్షకు కూర్చోనివ్వకూడదు. కొన్ని నెలలు ఆలస్యంగా చేరిన విద్యార్థికి ఆ 240 రోజులు ఎక్కడి నుంచి తెచ్చివ్వాలి? సెలవులు రద్దు చేస్తాం, ఆదివారాలు ల్యాబు తెరుస్తాం, మధ్యాహ్నం భోజనం వేళలో కూర్చోబెట్టి ఎముకలు చూపిస్తాం. కాగితం మీద లెక్క సరిపోతుంది. శరీర నిర్మాణాన్ని ముందు చేతితో తడిమి, తరువాత పుస్తకంలో చదివి, ఆ తరువాత మళ్లీ శవం మీద చూసి నెమ్మదిగా ఇంకించుకునే సమయం మాత్రం దొరకదు. మొదటి ఏడాది పునాది ఇలా వేసిన పిల్లలు రెండో ఏడాది నమూనా తలల మీద పళ్లు తొలిచే సాధనకు వచ్చేసరికి కలిగే ఇబ్బంది, మూడో ఏడాది రోగి ముందు నిలబడేసరికి రెట్టింపవుతుంది.

ఇంకో సంగతి కూడా మీరు ఆలోచించాలి. 1948 నాటి డెంటిస్టుల చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ డెంటల్ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. ప్రవేశానికి నీట్‌ను కొనసాగిస్తూనే, చదువు చివర దేశమంతటికీ ఒకే నిష్క్రమణ పరీక్ష ఉండాలని, ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్ల ఫీజులకు మార్గదర్శకాలు ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. ఫీజుల మాట మంచిది, ఆలస్యం చేయకుండా అమలు చేయండి. నిష్క్రమణ పరీక్ష కూడా అవసరమేనని నా నమ్మకం. కానీ వచ్చేటప్పుడు సీట్లు నింపడం కోసం తలుపు బార్లా తెరిచి, వెళ్లేటప్పుడు గట్టి తాళం వేస్తే మధ్యలో నలిగేది పిల్లలే. నాలుగేళ్లు ఫీజులు కట్టి, ఇంటర్న్‌షిప్ గుమ్మం దాకా వచ్చిన పిల్లవాడికి నీకు మొదట్లోనే అర్హత చాలదని అప్పుడు చెప్పడం అన్యాయం. చెప్పవలసింది చేరక ముందు, చేరిన కొత్తలో చేయూతనిస్తూ.

ఇప్పుడు చేతి సంగతికి వస్తాను. దంత వైద్యం చదువుతో పాటు చేతితో చేసే పని. అద్దంలో తలకిందులుగా కనిపించే పంటిని చూస్తూ, ఉమ్మి, నాలుక, రోగి భయం మధ్య, అర మిల్లీమీటరు తేడా లేకుండా తొలచాలి. మన ప్రవేశ విధానంలో ఈ సంగతిని అడిగే ప్రశ్న ఒక్కటీ లేదు. అమెరికాలో డెంటల్ కాలేజీల ప్రవేశ పరీక్షలో దృశ్య గ్రహణ శక్తిని చూసే ప్రత్యేక విభాగం ఉంది. గంటలో 90 ప్రశ్నలు. మడతలు పెట్టిన కాగితానికి రంధ్రం చేస్తే విప్పాక అవి ఎక్కడెక్కడ కనిపిస్తాయో చెప్పాలి, ఒక వస్తువును పై నుంచి, ముందు నుంచి చూపించి పక్క నుంచి ఎలా ఉంటుందో పోల్చుకోవాలి. ఒకప్పుడు అదే పరీక్షలో సుద్దముక్కను చెక్కి చూపించమనేవారు. 1970ల మొదట్లో దాన్ని తీసేసి ఈ ప్రశ్నలు పెట్టారు.

మన తెలుగు పిల్లల్లో ఎందరో ఇక్కడ బీడీఎస్ ముగించి, అక్కడ మళ్లీ రెండు మూడేళ్లు చదివి డాక్టరుగా స్థిరపడాలని అమెరికా వెళుతున్నారు. వాళ్లను చాలా విశ్వవిద్యాలయాలు ఇంటర్వ్యూతో పాటు బెంచ్ టెస్టుకు పిలుస్తాయి. ప్లాస్టిక్ పళ్లు బిగించిన నమూనా దవడ ముందు కూర్చోబెట్టి, ఇచ్చిన సమయంలో పంటి మీద తొడిగే క్రౌన్ కోసం పన్నును అరగదీసి చూపించమంటారు. ఆ పరీక్షకు సిద్ధమవుతూ నా పాత విద్యార్థులు ఫోన్ చేసి, మొదటి ఏడాది మైనం ఎలా పట్టుకోమన్నారో మళ్లీ చెప్పమంటారు. పదిహేడేళ్ల వయసులో ఇక్కడ మనం ఒక్కసారి కూడా చూడని చేతిని పాతికేళ్లు దాటాక పరాయి దేశం వాళ్లు చూస్తున్నారు.

అయితే నీట్ మీద ఇంకో పరీక్ష పెట్టమని నేను అడగడం లేదు. ఆ రోజు నుంచే హైదరాబాదులో, విజయవాడలో దానికి కూడా కోచింగ్ మొదలవుతుంది, ఫీజు కట్టగలిగిన వారి పిల్లలే ముందుంటారు. పైగా చేతి నైపుణ్యం నేర్పితే వచ్చేదే. మొదటి వారం దిమ్మెలు పాడుచేసిన పిల్లలు ఏడాది చివరికి చక్కటి దవడ పన్ను చెక్కడం నేను ఎన్నోసార్లు చూశాను. నేను అడుగుతున్నది వేరు. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ముందు ప్రతి డెంటల్ కాలేజీ ఒక రోజు తలుపులు తెరవాలి. వచ్చే పిల్లలు ల్యాబులో ఒక గంట కార్వర్ పట్టుకోవాలి, ఓపీలో ఒక గంట కుర్చీ పక్కన నిలబడి పన్ను తీయడం, రూట్ కెనాల్ చేయడం, పంటి సెట్టుకు కొలతలు తీయడం చూడాలి. మార్కులు వేయవద్దు, ర్యాంకు ఇవ్వవద్దు. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా, గంటల తరబడి మెడ వంచి కూర్చునే పని తనకు పడుతుందా, ఈ పని మీద మనసు పోతుందా అన్నది ఆ పిల్లలు, వారి తల్లిదండ్రులు తేల్చుకుంటారు. ఆ తరువాత బీడీఎస్ ఆప్షన్ పెట్టినవారు తెలిసి పెట్టినవారవుతారు.

ఆప్షన్ల వరుస గురించి కూడా ఒక మాట. అఖిల భారత కోటా సీట్లకు ఢిల్లీ నుంచి జరిగే కౌన్సెలింగ్‌లో ఎంబీబీఎస్, బీడీఎస్ రెండూ ఒకే జాబితాలో ఉంటాయి. అభ్యర్థి తనకు నచ్చిన వరుసలో పెట్టుకోవచ్చు. కావాలంటే హైదరాబాదులోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలను ఎక్కడో దూరాన ఉన్న ఎంబీబీఎస్ కాలేజీ కంటే పైన రాసుకోవచ్చు. మన రాష్ట్రాల కోటాలో మాత్రం ఎంబీబీఎస్ విడతలు కొంత నడిచాక గానీ బీడీఎస్ వెబ్ ఆప్షన్ల నోటిఫికేషన్ బయటికి రాదు. ఈ క్రమమే పిల్లల మనసులో ఇది రెండో రకం చదువు అన్న ముద్ర వేస్తోంది. అటు ఎంబీబీఎస్ ఆఖరి విడత దాకా ఆశగా ఎదురుచూసి, ఇటు ఎక్కడో ఒకచోట చేరడానికి పరుగెత్తే దుస్థితి కూడా దానివల్లే. రెండు ఆరోగ్య విశ్వవిద్యాలయాలూ ఎంబీబీఎస్‌తో పాటే, అదే రోజు, అదే జాబితాలో బీడీఎస్ ఆప్షన్లు తీసుకోవాలని కోరుతున్నాను. ఢిల్లీలో చేయగలిగినది వరంగల్‌లో, విజయవాడలో చేయలేకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ నాకు కనిపించడం లేదు.

స్థానికత విషయం పిల్లలకు మరీ ఆలస్యంగా తెలుస్తోంది. ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్‌తో ముగిశాక, అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం వైద్య, దంత వైద్య ప్రవేశాల నిబంధనలు సవరించింది. స్థానిక కోటాలో సీటు కావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, రాష్ట్రంలోనే చదివి ఉండాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. ఖమ్మంలోనో నల్లగొండలోనో పుట్టి పెరిగి, కోచింగ్ బాగుంటుందని విజయవాడలో ఇంటర్ చదివిన పిల్లవాడు సొంత రాష్ట్రంలో స్థానికేతరుడవుతున్నాడు. నిబంధన మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. న్యాయస్థానం తేల్చాక దాన్ని పాటించవలసిందే. కానీ ఎనిమిదో తరగతి పూర్తయ్యే నాటికే ఇంట్లో తెలియవలసిన షరతు, ఇంటర్ అయ్యాక ప్రాస్పెక్టస్‌లో కనిపిస్తే ఏం లాభం? ప్రతి ఉన్నత పాఠశాల నోటీసు బోర్డు మీద, ప్రతి జూనియర్ కాలేజీ అడ్మిషన్ ఫారం మీద ఈ షరతును పెద్ద అక్షరాలతో తెలుగులో ముద్రించేలా విద్యాశాఖలతో మాట్లాడండి. ఈ ఒక్క పని చేస్తే సర్టిఫికెట్ల పరిశీలన రోజున కౌంటర్ల ముందు తల్లులు కళ్లు తుడుచుకునే దృశ్యాలు చాలా తగ్గుతాయి.

ఈ వృత్తికి ఇష్టంగా వచ్చేవారు ఎందుకు కావాలో కూడా మీకు గుర్తుచేయాలనిపిస్తోంది. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. పెద్ద వయసు ఆడవాళ్లలో ఆ పొగ వల్ల అంగిలి మీద తెల్లటి మచ్చలు, పుండ్లు వస్తాయి, కొందరికి క్యాన్సర్‌గా మారుతుంది. ఆ అంగిలిని అందరికంటే ముందు చూడగలిగేది పన్ను నొప్పి అని వస్తే నోరు తెరవమనే పళ్ల డాక్టరే. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి గోధుమ రంగు చారలు పడిన పళ్లతో పెరిగిన తరాలున్నాయి. నవ్వడానికి నోటికి చేయి అడ్డం పెట్టుకునే ఆడపిల్లలు నా ఓపీకి ఇప్పటికీ వస్తారు. ఈ పని వేరే గత్యంతరం లేక చేసేది కాదు. మూలన మిగిలిన సీటులో విధిలేక కూర్చున్న విద్యార్థి ఐదేళ్లు ఎలాగో లాక్కొచ్చి పట్టా పుచ్చుకోవచ్చు గానీ, కనిగిరిలో క్లినిక్ పెట్టాలన్న ఆలోచన అతనికి ఎక్కడి నుంచి వస్తుంది?

అందువల్ల మిమ్మల్ని కోరుతున్నాను. కటాఫ్ తగ్గించక తప్పదని మీకు అనిపిస్తే, గత సంవత్సరాల ఖాళీల లెక్కలు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి, నీట్ ఫలితాల నాడే బీడీఎస్‌కు వేరే గీత ప్రకటించండి, ఆ తరువాత దాన్ని ముట్టుకోకండి. ఆఖరి విడతకు ఒక తేదీ పెట్టి ఆ తేదీ దాటాక ఎంత ఒత్తిడి వచ్చినా ప్రవేశాలు తెరవకండి. ఖాళీగా మిగిలిన సీటు కంటే సగం ఏడాది పోగొట్టుకుని నిండిన సీటు వల్ల పిల్లలకు జరిగే నష్టం ఎక్కువ. చేరిన మొదటి నెలలో ఇది తనకు సరిపడదని తెలుసుకున్న విద్యార్థి జరిమానా లేకుండా, ఒరిజినల్ సర్టిఫికెట్లు వెనక్కి తీసుకుని వెళ్లిపోయే దారి ఇవ్వండి. ఆ సీటు తరువాతి విడతలో కావాలనుకునేవారికి వెళుతుంది. ప్రతి కాలేజీలో ఏ వర్గానికి ఆఖరి ర్యాంకు ఎంత, నాలుగేళ్ల మొత్తం ఖర్చు ఎంత, గత మూడేళ్లలో మొదటి ఏడాదే మానేసినవారు ఎందరు అన్న వివరాలను ఆప్షన్లు తెరిచే ముందే విశ్వవిద్యాలయం తన సైటులో తెలుగులో పెట్టాలి. ఈ లెక్కలు కాలేజీలు ఏటా మీకు పంపిస్తూనే ఉన్నాయి, ఫైళ్లలో ఉన్నవి బయటపెట్టడమే మిగిలింది.

ఈ మాటలు అధ్యాపకుల సమావేశాల్లో ఏళ్లుగా అనుకుంటున్నాం. కాగితం మీద పెట్టి మీ ముందుకు తేవడానికి నాకు ఇంత కాలం పట్టినందుకు బాధగానే ఉంది. మగ్గం పని తెలిసిన ఆ అమ్మాయి ఇప్పుడు తన ఊరికి దగ్గర్లోని పట్టణంలో పిల్లల పళ్లు చూస్తోంది. ఇంకో పదిమందిని ఆమెలాంటి వారిని సరైన సమయానికి మా ల్యాబుకు పంపి ఉంటే ఎలా ఉండేదో అని ఆలోచిస్తూనే ఈ లేఖ రాశాను.

వచ్చే విద్యా సంవత్సరం కోసం మా స్టోరులో వంద మైనపు దిమ్మెలు లెక్కపెట్టి అలమరలో సర్ది ఉంచాం. ఆ వందమందీ ఒకే రోజు వచ్చి, ఒకే రోజు మొదటి గీత గీసేలా మీ తేదీలు ఖరారు చేయండి.

భవదీయురాలు,
దంత నిర్మాణ శాస్త్రం బోధించే ఒక అధ్యాపకురాలు